జవాను తాత అడిగిన మాజీ

కిందటేడు కాదు, ఆ ముందేడు క్రిస్మస్ మర్నాడు మా కుటుంబాలన్నీ రేపల్లె దగ్గర మా ఊళ్లో కలిశాయి. చర్చి వెనక ఖాళీ స్థలంలో షామియానా, దాని ముందు పన్నెండడుగుల ఫ్లెక్సీ. "ఐదవ జార్జి చక్రవర్తి అంగరక్షకులు, మా మూలపురుషులు" అని పెద్దక్షరాలు, పైన మా ముత్తాత ఫొటో. ఫొటో అంటే తలకాయ మాత్రమే ఆయనది. మెడ కింద నుంచి ఎర్ర కోటు, ఇత్తడి గుండీలు, నెత్తిన లండన్ రాజుగారి గేటు ముందు నిలబడేవాళ్లు పెట్టుకునే నల్ల బొచ్చు టోపీ. తెనాలిలో ఫ్లెక్సీ కుర్రాడు "రాయల్ గార్డ్" అని నెట్లో కొట్టి, వచ్చిన మొదటి బొమ్మకు మా తాత మొహం అతికించాడు. డిసెంబరు ఎండకే ఆ టోపీ చూస్తుంటే నాకు చెమటలు పట్టాయి.

అది చేయించింది మా బాబాయి. డెబ్బై నాలుగేళ్లు, రిటైర్డ్ టీచర్. "ఎట్లా ఉందిరా?" అంటే బాగుందన్నాను. ఇంకేమంటాం.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాను. ఇరవై ఆరేళ్లుగా చేస్తున్న పని ఒకటే: టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, కాటా చీటీ, రైతు పేరు, ఊరు, ఒకదానితో ఒకటి సరిపోయాయా లేదా చూడటం. సరిపోకపోతే రాత్రి నిద్ర పట్టదు. చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో సరిపోని లెక్క ఒకటుంది. అదే జవాను తాత లెక్క.

మాది మాలపల్లె. లూథరన్ సంఘం. మా నాన్నకు తాత అయిన ఆయన్ని ఊరంతా జవాను అనే పిలిచేది. ఆయన గురించి మా ఇంట్లో మూడే మాటలు. జార్జి రాజుకు సొంత మనిషి. సముద్రం దాటి యుద్ధానికి వెళ్లాడు. అక్కడ తెల్లదొరలు తేనెటీగలకు భయపడి సముద్రంలోకి పరిగెత్తారు. మూడోది చెప్పినప్పుడల్లా పిల్లలం పడీ పడీ నవ్వేవాళ్లం. మొదటిది చెప్పినప్పుడు మాత్రం ఎవరూ నవ్వేవారు కాదు. ఇప్పుడు తలుచుకుంటే తమాషాగా ఉంటుంది.

కాగితాలు లేవు. ట్రంకు పెట్టెలో ఉన్నవన్నీ 1977 నవంబరు 19 ఉప్పెనకు పోయాయి. దివిసీమ మాటే అందరికీ గుర్తు గానీ ఇటు కృష్ణ దాటి మా వైపూ నీళ్లొచ్చాయి. మిగిలింది ఒక్క బిళ్ల. నాలుగు కొసల నక్షత్రం, అడ్డంగా రెండు కత్తులు, మధ్యలో చిన్న పట్టీ మీద 1914-15, కింద జార్జి పేరు పొడి అక్షరాలు, పైన కిరీటం. ఆ కిరీటమే మా బాబాయి సాక్ష్యం. "రాజు కిరీటం ఊరికే ఎవడికైనా ఇస్తారా?" అనేవాడు.

ఆ నక్షత్రం అక్షరాలా లక్షల మందికి ఇచ్చారని నాకు తర్వాత తెలిసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1914, 15ల్లో యుద్ధభూమిలో అడుగుపెట్టిన వాళ్లకు వచ్చేది అది. దాంతోపాటు మామూలుగా ఇంకో రెండు ఉండేవి. ఒకటి వెండిది, రాజు తల ఉన్నది. రెండోది కంచుది, రెక్కల దేవత బొమ్మతో, ఇంద్రధనస్సు రంగుల రిబ్బనుతో. కంచుది ఉప్పెనలో పోయిన పెట్టెలోనే ఉండేదట. వెండిది ఏమైందో విజయవాడ సింగ్ నగర్లో ఉండే మా మేనత్త చెప్పింది.

"నా కాళ్లకే ఉండేదిరా. తాతే కంసాలికిచ్చి పట్టీలు చేయించాడు. రెండున్నర తులాల పైన తూగింది."

"అత్తా, దాని అంచు మీద ఆయన నంబరు, పేరు, పటాలం పేరు చెక్కి ఉంటాయి."

"అయితే అవి కూడా నా కాళ్లకే తిరిగాయి," అంది.

పట్టీలు తర్వాత ఎవరి పెళ్లిలోనో మారకం అయిపోయాయి. అట్లా మా తాత సర్వీసు రికార్డు ఏ ఆఫీసూ పోగొట్టకుండానే మా ఇంట్లోనే కరిగింది. మీ ఇళ్లల్లో ఇలాంటి వెండి బిళ్లలు ఉంటే మెరుగు పెట్టించకండి, చింతపండు పెట్టి తోమకండి. ముందు అంచు చూడండి. నక్షత్రం అయితే వెనక చూడండి.

మా నక్షత్రం వెనక చూసే వీలు లేకుండా పోయింది. 1985 ప్రాంతంలో బాబాయి దాన్ని ఎర్ర మఖమలు అట్ట మీద గమ్ముతో అంటించి అద్దం కట్టించాడు. నలభై ఏళ్లు గోడకే ఉంది.

కాబట్టి నేను మొదట తప్పుదోవన పడ్డాను. అంగరక్షకుడు అన్నారు కదా అని అంగరక్షకుల వెంట పడ్డాను. మన మద్రాసు గవర్నరుకు నిజంగానే బాడీగార్డ్ దళం ఉండేది. 1778లో పెట్టారు, స్వాతంత్ర్యం వచ్చిన 1947లో తీసేశారు. ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉత్తరాలు చూద్దామని రెండుసార్లు మద్రాసు వెళ్లాను. పినాకినికి వెళ్లడం, లాడ్జి, భోజనం, నాలుగు రోజుల జీతం కోత. తేలిందేమిటంటే అది గుర్రపు దళం. ఫోన్ చేసి అత్తను అడిగాను, తాతకు గుర్రపు స్వారీ వచ్చా అని.

"గుర్రమా? బండి మీద నుంచి దిగేటప్పుడే ఎవరో ఒకళ్లు చెయ్యివ్వాలి ఆయనకి."

పోనీ లండనా అంటే, రాజుగారి గేటు దగ్గర నిలబడేది వాళ్ల సైనికులే. 1903 నుంచి మన సైన్యంలోంచి ఏటా కొద్దిమందిని రాజు కొలువులో ఉండటానికి పిలిపించేవాళ్లు గానీ, వాళ్లంతా ఆఫీసర్లు. సిపాయిలు కాదు. పంజాబు వాళ్లను చూస్తే ఈర్ష్య కలిగింది. వాళ్ల ఊరూరి సైనికుల వివరాలు రాసిన రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో బయటపడ్డాయి. మూడు లక్షలకు పైగా పేర్లు. 2021 నుంచి వాటిని కంప్యూటర్లో వెతుక్కోవచ్చు. మన వైపు అట్లాంటిది నా కంట పడలేదు. ఒక ఆఫీసులో అడిగితే పెన్షన్ ఆర్డరు నంబరు లేకుండా ఏమీ చెప్పలేమన్నారు. ఆ నంబరు తెలిసేదే అయితే వాళ్ల దగ్గరికి ఎందుకు వెళ్తాను? అక్కడితో మూడేళ్లు ఆ సంగతి పక్కన పెట్టాను.

ఆ బొచ్చు టోపీ ఫ్లెక్సీ చూసి వచ్చిన మూడు వారాలకు సంక్రాంతి. మా పక్కింటి వాళ్ల అమ్మాయి, అల్లుడు దార్ ఎస్ సలామ్‌లో ఉంటారు. అల్లుడు అక్కడ ఏదో కంపెనీలో అకౌంట్స్ చూస్తాడు. పండక్కి వచ్చారు. వాళ్ల పిల్లవాడికి నాలుగేళ్లు. భోగి రోజు పొద్దున అరుగు మీద ఆడుతూ ఆడుతూ "మాజీ, మాజీ" అని ఏడుపు మొదలుపెట్టాడు. వాళ్లమ్మ లోపలికెళ్లి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చింది.

నేను చేతిలో పేపరు కింద పెట్టేశాను.

"ఏమన్నాడమ్మా వాడు?"

"నీళ్లు అంకుల్. అక్కడ పనామె దగ్గర నేర్చుకున్నాడు. స్వాహిలీలో మాజీ అంటే నీళ్లు."

మా జవాను తాత మంచం మీద కూర్చుని "మాజీ తే!" అని అరిచేవాడని, మనవరాళ్లు చెంబు పట్టుకుని పరిగెత్తేవాళ్లని మా నాన్న చెప్పేవాడు. మేమంతా ఏమనుకున్నామంటే, తాను మాజీ సైనికుణ్ణని గొప్పగా చెప్పుకోవడం కోసం అట్లా అరిచేవాడని. మాజీ ఎమ్మెల్యే, మాజీ సర్పంచి ఉన్న ఊళ్లో మాజీ జవాను ఉండడంలో వింతేముంది?

వెంటనే అత్తకు ఫోన్ కొట్టాను. "తాత ఇంకా ఏమేం మాటలు అనేవాడు? తెలుగు కానివి."

"అన్నీ తెలుగేరా. హిందీ కొంచెం. మేం పరిగెత్తితే 'పోలే, పోలే' అని కేకలేసేవాడు. పోలేదు తాతా, ఇక్కడే ఉన్నాం అనేవాళ్లం."

ఫోన్ పట్టుకునే గోడ మీంచి పక్కింటి అల్లుణ్ణి అడిగాను, పోలే పోలే అంటే ఏమిటని. "మెల్లగా అని అండీ. అక్కడ రోజుకు వందసార్లు వింటాం," అన్నాడు.

తూర్పు ఆఫ్రికా. ఎవరికీ తట్టలేదు. యుద్ధం అంటే మా బాబాయికి ఫ్రాన్సు, జర్మనీ, బస్రా. ఆ రాత్రి ఫోన్లో తూర్పు ఆఫ్రికా, 1914, తేనెటీగలు అని మూడు మాటలు కొట్టానో లేదో టాంగా యుద్ధం అని వచ్చేసింది. దానికి ఇంగ్లీషులో ఉన్న ఇంకో పేరే తేనెటీగల యుద్ధం. నేను లేచి మా ఆవిడను నిద్రలేపాను. ఆమె తిట్టింది, అది వేరే.

టాంగా ఇప్పటి టాంజానియాలో రేవు పట్నం. అప్పుడు అది జర్మన్ల కింద ఉండేది. దాన్ని పట్టుకుందామని 1914 అక్టోబరు 16న బొంబాయి నుంచి దాదాపు 8,000 మందితో ఓడలు కదిలాయి. సేనాని మేజర్ జనరల్ ఐట్కెన్. నవంబరు 2న టాంగా ముందు లంగరు వేశారు. అక్కడ ఒక బ్రిటిష్ నౌక కెప్టెన్ ముందుగా ఒడ్డుకెళ్లి, ఈ రేవు మీద దాడి చేయబోమన్న పాత ఒప్పందం ఇక చెల్లదు, పట్నం మాకు అప్పగించండి, లేకపోతే కాలుస్తామని జర్మన్ అధికారికి చెప్పి వచ్చాడు. దొంగతనానికి వెళ్తూ ఇంటివాళ్లకు టైము చెప్పినట్టు. ఆ వ్యవధిలో లెట్టో ఫోర్బెక్ అనే జర్మన్ సేనాని రైలు మీద తన మనుషుల్ని దించుకున్నాడు. అందరూ కలిపి దాదాపు 1,000 మంది. వాళ్లలో ఎక్కువ మంది అస్కారీలు, అంటే ఆఫ్రికా సిపాయిలే.

ముందు దిగింది 13వ రాజ్‌పుట్ పటాలం, 61వ పయొనీర్ల పటాలం. 3వ తేదీ పొద్దున పట్నం వైపు కదిలి, దెబ్బతిని వెనక్కి వచ్చారు. 4న అందరూ కలిసి వెళ్లారు. ఆ తోటల్లో చెట్లకు వేలాడదీసిన తేనెపట్లున్నాయి. తుపాకి గుళ్లకు అవి చెదిరి, ఈగలు మనుషుల మీద పడ్డాయి. 98వ పటాలం చెల్లాచెదురైంది, లాంకషైర్ తెల్ల పటాలాన్నీ కుట్టాయి. జర్మన్లకూ తప్పలేదు. ఈగలను జర్మన్లే కావాలని వదిలారని బ్రిటిష్ వాళ్లు ప్రచారం చేశారు! 5న ఓడలెక్కి వెళ్లిపోయారు. 800 మందికి పైగా చనిపోవడమో, గాయపడటమో, కనపడకుండా పోవడమో జరిగింది. 450కి పైగా తుపాకులు, 6 లక్షల తూటాలు ఒడ్డున వదిలేశారు. ఎనిమిది వేలకు వెయ్యి, అంటే ఎనిమిది మందికి ఒక్కడు సమాధానం చెప్పాడన్నమాట.

మేం నవ్విన మూడో మాట అది.

ఇక్కడ నా లెక్కల బుర్ర పనిచేసింది. టాంగాలో మద్రాసు వైపు పటాలాలు ఏవి? 61వ పయొనీర్లు, 63వ పాళయంకోట లైట్ ఇన్‌ఫంట్రీ. వీటిలో మావాడిది ఏది? 63వది నిలవలేక చెదిరిపోయిందని చరిత్రలు ఘాటుగానే రాశాయి. అది కాకపోతే బాగుండని మనసులో ఒక మూల అనిపించిన మాట నిజం. నూట పదేళ్ల కిందటి పరుగు మీద నాకెందుకు నామోషీ? ఓడ కడుపులో మూడు వారాలు వాంతులు చేసుకుని, దిగీ దిగగానే పొదల్లోకి తోసిన కుర్రాళ్లు వాళ్లు. అయినా అనిపించింది.

తేల్చేది నక్షత్రం వీపే. దాన్ని అద్దంలోంచి తీయాలి. బాబాయి ఒప్పుకోవాలి.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డులో ఊపిరి సలపదు. రోజుకు వేల టిక్కీలు దిగుతుంటే తాతలు గుర్తుకు రారు, తుమ్ములు తప్ప. మే నెలలో యార్డుకు వేసవి సెలవులిచ్చాక రేపల్లె బస్సెక్కాను. బాబాయికి తేనెటీగల సంగతి చెప్పాను. ముందు సంబరపడ్డాడు. "ఏం చెప్పానురా నేను!" (ఆయనెప్పుడూ చెప్పలేదు, చెప్పినవాళ్లను వారించేవాడు.) అద్దం విప్పుదామనేసరికి మొహం మారింది. "ఉన్నదొక్కటి. విరిగితే?" పిన్ని మధ్యలో వచ్చి, "ఇచ్చెయ్యండి, ఆ అద్దం వెనక బల్లులు గుడ్లు పెడుతున్నాయి," అంది. బల్లులే నన్ను గెలిపించాయి.

గోరువెచ్చని నీళ్లతో మఖమలును తడిపి తడిపి ఊడదీశాం. వెనక చూస్తే నున్నగా ఉంది. అద్దానికి ముందు అరవై ఏళ్లు మా ఆడవాళ్లు చింతపండు పెట్టి రెండువైపులా తోమారు. బాబాయి "చూశావా, ఏం లేదు," అన్నాడు. ఆయన గొంతులో కాస్త నిశ్చింత వినపడింది నాకు.

గది తలుపులు మూసి, ఫోన్ లైటును బిళ్లకు దాదాపు సమాంతరంగా, పక్క నుంచి వేశాను. పాత చీటీల మీద సిరా వెలిసిపోతే పెన్ను నొక్కిన గాడి చూడటానికి మేం చేసే పనే. నీడల్లో అక్షరాలు లేచాయి. ముందు నంబరు, నాలుగంకెల్లో రెండు పోయాయి. తర్వాత సిపాయి అని. తర్వాత పేరు, ఇంటిపేరు లేకుండా, చివర సగం అరిగి. పేరు మధ్యలో ఒక అక్షరం అనవసరంగా రెండుసార్లు పడింది. ఆఖర్న 61, దాని పక్కన పయొనీర్స్‌కు పొడి అక్షరాలు.

బాబాయి కళ్లజోడు సర్దుకుని తనే ఒక్కో అక్షరం చదివాడు. "సిపాయా?" అన్నాడు. అంతే. టీ తాగకుండా బయటికి వెళ్లాడు.

పేరు కలిసినంత మాత్రాన మనిషి అదే మనిషి కావాలని లేదు. మా వైపు ఆ పేరున్నవాళ్లు వీధికి ముగ్గురు. గుంటూరుకు 1842లో హయ్యర్ అనే మిషనరీ వచ్చినప్పటి నుంచి లూథరన్ సంఘాల్లో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు రాసే అలవాటుంది. మా వైపు సంఘంలో పాత పెళ్లి రిజిస్టరు ఉంది. పాస్టరుగారు దయగల మనిషి, రెండు మధ్యాహ్నాలు నన్ను కూర్చోనిచ్చారు. చెదలు తిన్న పేజీల మధ్య 1919 దొరికింది. వరుడి వృత్తి: సిపాయి. వధువు, అంటే మా ముత్తవ్వ, వేలిముద్ర. వరుడి చోట ఇంగ్లీషు అక్షరాల్లో సంతకం, వంకరటింకరగా, చాలా శ్రద్ధగా. ఆ పేజీలో వేలిముద్ర కానిది ఆయనదీ పాస్టరుదే. పేరు మధ్యలో అదే అక్షరం మళ్లీ రెండుసార్లు! పటాలంలో గుమస్తా ఎవడో తప్పు రాస్తే, ఆయన అదే తన పేరనుకుని నేర్చుకున్నాడు. బిళ్ల మీద తప్పు, రిజిస్టర్లో తప్పు. రెండూ కలిశాయి. ఇరవై ఆరేళ్ల గుమస్తాగిరీలో అంత అందమైన టాలీ నేను చూడలేదు.

పయొనీర్లంటే ఏమిటో అప్పుడు చదివాను. తుపాకీ ఉంటుంది, పలుగూ పారా కూడా ఉంటాయి. కాల్చమంటే కాల్చాలి, తవ్వమంటే తవ్వాలి. టాంగా తర్వాత ఆ యుద్ధం నాలుగేళ్లు సాగింది. 1915లో, ఇప్పటి కెన్యాలో, వోయి నుంచి మక్తావు దాకా సైన్యం కోసం రైలుదారి వేశారు. 1916లో కొత్త సేనాని జనరల్ స్మట్స్ వచ్చాక అడవుల్లోంచి దారులు కొట్టుకుంటూ దక్షిణానికి కదిలారు. త్సెత్సె ఈగ కుట్టి గుర్రాలు, ఎద్దులు వేలకు వేలు చచ్చాయి. మనుషులకు గుళ్ల కన్నా మలేరియా ఎక్కువ. ఐరోపాలో నవంబరు 11న యుద్ధం ఆగితే, లెట్టో ఫోర్బెక్ 1918 నవంబరు 25న గానీ ఆయుధాలు దించలేదు. తాతకు ప్రతి వానాకాలం చలిజ్వరం వచ్చేదని, నాలుగు దుప్పట్లు కప్పినా మంచం కదిలేదని అత్త చెప్పింది. అది రేపల్లె దోమలదే అనుకున్నారంతా. రేపల్లె దోమలు తక్కువవేం కాదు గానీ.

ఇట్లాంటి వాళ్ల పేర్లు యుద్ధ దినచర్యల్లో వెతకడం దండగ. లండన్ దగ్గర క్యూ అనే చోట వాళ్ల జాతీయ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 95 వరసలో అవి ఉంటాయి. ఏ పటాలం ఏ రోజు ఎక్కడుందో తెలుస్తుంది. పేర్లు మాత్రం తెల్ల ఆఫీసర్లవే. సిపాయిలు "మరో పన్నెండు మంది" అన్న లెక్కలో పోతారు. చనిపోయినవాళ్ల కోసమైతే కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ సైట్లో వెతకొచ్చు. కొందరికి తండ్రి పేరు, ఊరు కూడా ఉంటాయి. మావాడు బతికొచ్చాడు కాబట్టి అక్కడ లేడు. అయినా ఆ పటాలంలో పోయినవాళ్ల జాబితా చూద్దామని 61 అని కొట్టాను. పటాలం పూర్తి పేరు వచ్చింది.

61వ కింగ్ జార్జెస్ ఓన్ పయొనీర్స్.

ఓన్. సొంత.

ఆ పటాలం అంతకుముందు వేల్స్ యువరాజు పేరు మీద ఉండేది. ఆ యువరాజే 1910లో ఐదో జార్జి అయ్యాడు, పేరు మారింది. రాజుల పేర్లు పటాలాలకు పెట్టడం వాళ్లకు మామూలే. మనం వీధులకు పెట్టుకున్నట్టు. అంగరక్షణకూ దానికీ సంబంధం లేదు. మద్రాసు పయొనీర్లను 1933లో రద్దు చేసేశారు కూడా. కానీ రేపల్లె దగ్గర ఒక మాలపల్లెలో, ఒకడు తిరిగొచ్చి "ఏ పటాలంరా?" అంటే ఉన్న పేరే చెప్పాడు. జార్జి రాజు సొంత పటాలం. పటాలం అన్న మాట ఎప్పుడో జారిపోయింది. జార్జి రాజు సొంత మనిషి మిగిలాడు.

ఇక్కడితో నా లెక్క సరిపోయిందనుకుని విజయవాడ వెళ్లి అత్తకు చెప్పాను. పాపం అమాయకుడు, ఊరివాళ్లే అపార్థం చేసుకున్నారు అన్నాను. అత్త పెసరట్టు తిరగేస్తూ నవ్వింది.

"అమాయకుడా? మా అమ్మ చెప్పేది విను. తాత యుద్ధం నుంచి వచ్చాక పటాలం బూట్లు తొడుక్కుని ఊళ్లోంచి నడిచాడంట. మనవాళ్లు ఊళ్లోకి పోతే చెప్పులు చేత్తో పట్టుకోవాలి అప్పట్లో. మున్సబు అరుగు మీద నుంచి పిలిచి ఏందిరా ఇది అన్నాడంట. తాత చొక్కా మీద బిళ్ల ముందుకు లాగి, 'రాజుగారి కిరీటం పెట్టుకుని వట్టికాళ్లతో నడిస్తే రాజుగారికి నామోషీ అండీ, మీరు విప్పమంటే విప్పుతాను, దొరగారికి మాత్రం రాయాల్సి వస్తుంది,' అన్నాడంట. వీడికి రాయడం వచ్చని మున్సబుకు తెలుసు. పెళ్లిలో సంతకం పెట్టాడు కదా, ఊరంతా చెప్పుకున్నారు. ఇంకేమనలేదు. వెట్టికి కూడా పిలవలేదు. రాజుకు నువ్వేమవుతావురా అని ఎవరన్నా అడిగితే, సొంతమండీ అనేవాడంట. అబద్ధం చెప్పలేదు కదా?"

పెసరట్టు చల్లారిపోయింది. ఇంకోటి వేసిస్తానంది.

బాబాయికి ఇదంతా ఫోన్లో చెప్పాలంటే ధైర్యం చాలక, ఉత్తరం రాశాను. టీచరు కాబట్టి చదువుతాడని. రెండు నెలలు ఉలుకూ పలుకూ లేదు. నవంబరులో ఆయనే ఫోన్ చేశాడు.

"పేరులో రాజు సొంత అని ఉందా, లేదా?"

"ఉంది బాబాయ్."

"మరి నేనన్నదేంటి ఇన్నాళ్లూ?"

"నువ్వన్నదే."

"ఊ. బూట్ల సంగతి మా అమ్మ నాకెందుకు చెప్పలేదు?"

దానికి నా దగ్గర జవాబు లేదు. మగపిల్లవాడివి, ఊళ్లో బడికి పోతున్నావు, గొడవలు పెట్టుకుంటావని దాచిందేమో అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఈసారి ఫ్లెక్సీ మేటర్ నువ్వే రాయి అన్నాడు.

కిందటి క్రిస్మస్‌కు కొత్తది పెట్టాం. "61వ కింగ్ జార్జి సొంత పయొనీర్ల పటాలం సిపాయి. టాంగా, తూర్పు ఆఫ్రికా, 1914." బొమ్మ విషయంలో ఆ తెనాలి కుర్రాడు మళ్లీ ఇబ్బంది పెట్టాడు. పయొనీర్ అని కొడితే ఏదో విత్తనాల కంపెనీ గుర్తు వస్తోందన్నాడు. చివరికి అడ్డంగా ఒక పలుగు, ఒక పార వేయించాను. మొహం కింద ఆయన సొంత మెడ, సొంత ఖాకీ చొక్కా. పాదాలు ఫొటోలో లేవు, లేకపోతే బూట్లు చూపించేవాణ్ణి. మా మేనత్త ఫ్లెక్సీ ముందు కుర్చీ వేయించుకుని కూర్చుని, పరిగెత్తే పిల్లలందర్నీ "పోలే పోలే" అని అదిలించింది.

పాత ఫ్లెక్సీని బాబాయి పారేయనివ్వలేదు. మడిచి నా చేతికిచ్చాడు. దళసరిది, ఖరీదైంది. మొన్న అకాల వాన పడ్డప్పుడు యార్డులో పట్టాలు చాలక, మా కొట్టు ముందున్న తేజా రకం టిక్కీల మీద దాన్నే కప్పాం. కాటా దగ్గరి హమాలీ ఒకతను బొచ్చు టోపీని చూసి ఎవరండీ ఈయన అని అడిగాడు. వాన పెద్దదైంది. నాలుగు ఇటుకలు తెచ్చి మూలల మీద పెట్టమన్నాను.